అంట్లు ఎవులు తోముతారు? శ్రీకాకుళం జిల్లాలో ఒక ఊరి భోజనాల్లో ప్లాస్టిక్ తగ్గించిన తీరు

ఈ కేసు వంశధార ఎడమ కాలువ కింద, నరసన్నపేట వైపు ఉన్న ఒక ఊరిది. 400 గడపకి కొంచెం తక్కువ. పేరు రాయొద్దని గ్రామ సంఘం (ఊళ్ళో పొదుపు సంఘాలన్నీ కలిసినది) ఆడవాళ్ళు అడిగారు. పేరు పడితే చూడ్డానికి జీపులేసుకుని వస్తారు, వచ్చినోళ్ళందరికీ టీలు పెట్టాలి, అదీ వాళ్ళ బాధ. నేను ఈ చుట్టుపక్కల మండల సమాఖ్యలతో చెత్త పని మీద తిరుగుతుంటాను. ఈ ఊళ్ళో పట్టుకున్న పని ఒక్కటే: భోజనాల్లో ప్లాస్టిక్. కిరాణా కవర్లు, పాల ప్యాకెట్లు, షాంపూ పొట్లాల జోలికి ముందు వెళ్ళలేదు.

ఇళ్ళ చెత్త రోజూ కొంచెం కొంచెంగా వస్తుంది. గ్రీన్ అంబాసిడర్, అంటే పంచాయతీ తరఫున చెత్త ఎత్తే మనిషి, రిక్షా తొక్కుకుంటూ పట్టుకెళ్ళి, చెత్త నుంచి సంపద తయారీ కేంద్రం షెడ్డులో వేరుచేసి, ఎలాగో నెట్టుకొస్తాడు. ఆయన చేతులెత్తేసేది భోజనాల మర్నాడు. గృహప్రవేశం, సమర్త, పెళ్ళి, పన్నెండో రోజు, అమ్మోరి పండగ, ఏదైనా సరే, ఒక్క పూటలో ఏడెనిమిది గోతాల చెత్త పడుతుంది. అన్నం, పులుసు అంటిన ప్లాస్టిక్ అది. పాత సామాన్ల వాడు దాన్ని కన్నెత్తి చూడడు. షెడ్డుకి చేరేలోపే కుక్కలు లాగేస్తాయి, ఆవులు తినేస్తాయి. మిగిలింది చెరువు గట్టు మీద తగలబెడతారు, లేదా కాలువలోకి పోతుంది. కాలువలోకి పోయింది మళ్ళీ పొలానికే వస్తుంది. దమ్ము పట్టేటప్పుడు ట్రాక్టరు చక్రాలకి చుట్టుకున్న కవర్లని కొడవలితో కోసి తీయడం ఈ ఊళ్ళో ప్రతి రైతుకీ తెలిసిన పనే.

ఒక ఇంటి గృహప్రవేశానికి 300 మంది భోంచేశారు. ఒక్కో మనిషి లేచాక ఏం మిగులుతోందో పక్కన నిలబడి చూశాను. పేపరు విస్తరి, సాంబారుకో కప్పు, స్వీటుకో కప్పు, రెండు నీళ్ళ ప్యాకెట్లు, ఐస్‌క్రీం కప్పు, దాని స్పూను. బల్ల మీద పరిచిన రోలు ముక్క సరేసరి. మనిషికి ఏడు అనుకున్నా 300 మందికి 2,100 వస్తువులు. ఒక్కోటీ చేతిలో ఉండేది పావుగంటో అరగంటో. ఊళ్ళో ప్లాస్టిక్ మీద ఎక్కడ చెయ్యి వేస్తే ఎక్కువ తగ్గుతుందో చెప్పడానికి ఇంతకన్నా సర్వేలు అక్కర్లేదు.

అరిటాకు బొమ్మ వేసిన పేపరు విస్తరి సంగతి విడిగా చెప్పాలి. చాలామంది దాన్ని కాగితమే అనుకుంటారు, కుళ్ళిపోతుంది కదా అంటారు. గ్రామ సంఘం మీటింగులో ఒక విస్తరిని బకెట్టు నీళ్ళలో నానబెట్టాం. మర్నాడు తీసి వేళ్ళతో రుద్దితే కాగితం అంతా ముద్దై జారిపోయింది, పచ్చటి పల్చటి పొర ఒకటి చేతిలో మిగిలింది. ఉల్లిపొరలా వెలుతురు కనిపిస్తోంది, లాగితే సాగుతోంది. ఆ పొరే ప్లాస్టిక్. అది చేతులు మారి ఆ చివర కూర్చున్నావిడ దాకా వెళ్ళి తిరిగొచ్చాక ఇక ఎవరికీ ఏమీ చెప్పాల్సిన అవసరం రాలేదు. పేపరు కప్పులకీ లోపల ఇలాంటి పొరే ఉంటుంది. వేడి ద్రవం పావుగంట సేపు ఉంచితే 100 మిల్లీలీటర్లలోకి సుమారు 25,000 సూక్ష్మ ప్లాస్టిక్ రేణువులు దిగుతాయని ఐఐటీ ఖరగ్‌పూర్ పరిశోధకులు 2020లో తేల్చారు. చారూ సాంబారూ పోసుకునేది ఆ కప్పుల్లోనే.

చట్టం లేక కాదు. ప్లాస్టిక్ ప్లేట్లు, గ్లాసులు, స్పూన్లు, స్ట్రాలు, ట్రేలు, థర్మోకోల్ అలంకరణ సామాను 2022 జులై 1 నుంచి దేశమంతా నిషేధం. చేతి కవరు 120 మైక్రాన్ల కంటే పల్చగా ఉండకూడదన్న నియమం అదే ఏడాది డిసెంబరు 31 నుంచి వచ్చింది. అయితే ఆ నిషేధ జాబితాలో పొర అంటించిన పేపరు విస్తరి పేరు లేదు, నీళ్ళ ప్యాకెట్టు పేరూ లేదు. మా భోజనాల చెత్తలో సగానికి దగ్గరగా ఆ రెండే. అందుకని అధికారుల్ని వెంటబెట్టుకుని దుకాణాల మీద పడే దారి ఈ ఊరికి పనికిరాదనుకున్నాను.

ఈ ప్లాస్టిక్ ఎందుకొచ్చింది

మొదటి మీటింగులో నేను సిద్దిపేట సంగతి చెప్పాను. అక్కడ ఊళ్ళలో స్టీలు బ్యాంకులు పెట్టి, పళ్ళాలూ గ్లాసులూ ఫంక్షన్లకి ఇస్తున్నారని, కేరళలో 2015 జాతీయ క్రీడల్ని పారేసే ప్లాస్టిక్ లేకుండా నడిపారని చెప్పాను. అందరూ తలూపారు. అప్పుడు గ్రామ సంఘం అధ్యక్షురాలు, అరవై దాటిన మనిషి, ఒక ప్రశ్న వేసింది.

"అంతా బాగానే ఉంది బాబూ. మరి అంట్లు ఎవులు తోముతారు?"

గదిలో నవ్వులు. ఆవిడ నవ్వలేదు. "మా అత్త తోమింది, నాను తోమినాను. నా కోడలు తోమదు. నానే తోమనివ్వను."

ఈ కేసు మొత్తం ఆ ప్రశ్న చుట్టూ తిరిగింది. స్టీలు బ్యాంకు అనగానే మన దృష్టి కొనుగోలు మీదకి పోతుంది. ఎన్ని పళ్ళాలు, ఏ గేజి, రిబ్బను ఎవరు కత్తిరిస్తారు. తోమడం గురించి కాగితం మీద ఒక్క లైను కూడా ఉండదు. ఇదే జిల్లాలో దాతలిచ్చిన సామాను అట్టపెట్టెల్లోనే బూజుపట్టి ఉండడం వేరే చోట చూశాను. అక్కడ కూడా తోమేవాళ్ళ సంగతి ఎవరూ అనుకోలేదు.

ముప్పై ఏళ్ళ కిందట ఈ ఊళ్ళో భోజనాలంటే అడ్డాకు విస్తళ్ళు. గ్లాసులు ఇంటింటా అడిగి తెచ్చుకునేవాళ్ళు, ప్రతి గ్లాసు మీదా చుక్కలు చుక్కలుగా ఇంటిపేరు కొట్టించి ఉండేది, ఎవరివి వాళ్ళకి చేరేవి. వడ్డనకి ఊరి కుర్రాళ్ళు ఉండేవాళ్ళు. అంట్లు, ఎంగిలి విస్తళ్ళు ఎత్తే పని ఒకటి రెండు కులాల ఆడవాళ్ళ నెత్తిన ఉండేది, గింజలిచ్చి, మిగిలిన కూర పెట్టి చేయించుకునేవారు. తర్వాత ఆ ఇళ్ళ పిల్లలు చదువుకున్నారు, వాళ్ళు ఆ పని మానేశారు. మానెయ్యడమే సబబు. కుర్రాళ్ళేమో విశాఖ, హైదరాబాద్, చెన్నై పోయారు, సంక్రాంతికి తప్ప కనిపించరు. చేసే చెయ్యి పోయింది, ఆ ఖాళీలోకి పేపరు విస్తరీ నీళ్ళ ప్యాకెట్టూ వచ్చి కూర్చున్నాయి. పాత రోజులు ఎంత బాగుండేవో అని భోజనాల గురించి ఎవరైనా మొదలుపెడితే ఆ రోజుల్లో తోమింది ఎవరో ఒకసారి అడిగి చూడండి.

కాబట్టి ముందు రెండు విషయాలు తేల్చుకున్నాం. తోమే సామాను వీలైనంత తగ్గాలి. తగ్గాక మిగిలిన పనికి కూలి ఉండాలి, అదీ రొక్కంగా.

పళ్ళెమా, ఆకా

నరసన్నపేటలో ఒక స్టీలు కొట్లో గదుల పళ్ళాలు చవగ్గా దొరుకుతున్నాయని నమూనా ఒకటి తెచ్చాం. రచ్చబండ దగ్గర ఒక పెద్దాయన దాన్ని తిప్పి తిప్పి చూశాడు. "వియ్యాలోరికి జైలు పళ్ళెంలో అన్నమెట్టమంటావేటి?" అని పక్కన పెట్టేశాడు. ఇంకొకాయన హాస్టలు పళ్ళెం అన్నాడు. శుభకార్యానికి ఆకులోనే తినాలన్నది ఈ ప్రాంతంలో గట్టి పట్టింపు, ఇంకెవరో తిన్న కంచంలో తినడానికి మనసొప్పనివాళ్ళూ తక్కువేం కాదు. దాన్ని మూఢత్వమని కొట్టిపారెయ్యబుద్ధి కాలేదు. పైగా ఆ పట్టింపు మా పనికే కలిసొచ్చేలా ఉంది. ఆకులో తింటే తోమడానికి కంచమే ఉండదు.

అడ్డాకు మనకి దూరం నుంచి రావక్కర్లేదు. సీతంపేట, కురుపాం, గుమ్మలక్ష్మీపురం కొండల్లో గిరిజనులు సేకరించి పుల్లలతో కుట్టి సంతలకి తెస్తారు. 2022 ఏప్రిల్లో జిల్లాలు విడిపోయాక ఆ కొండలు పార్వతీపురం మన్యం జిల్లాలోకి వెళ్ళాయి గానీ సంతలు, ఆటోలు, బేరాలు మాత్రం ఎప్పటిలాగే నడుస్తున్నాయి. కొనేటప్పుడు ఒక జాగ్రత్త. మిషను మీద నొక్కిన ఆకు ప్లేట్లలో కొన్నిటికి మధ్యలో ప్లాస్టిక్ పొర పెడతారు, ఒక అంచు చింపి చూస్తే తెలిసిపోతుంది. చేత్తో కుట్టిన ఎండు విస్తళ్ళయితే నెలలు నిలవుంటాయి. వాడే ముందు నీళ్ళు చిలకరించి గోనెపట్టా కింద కాసేపు ఉంచాలి, లేకపోతే మడత దగ్గర పెళపెళా విరిగిపోతాయి. ఈ చిన్న సంగతి మర్చిపోయిన ఒక ఇంట్లో పప్పు బల్ల మీదకి కారింది, వారం రోజులు ఊరంతా అదే కబురు.

అడ్డాకులో చారు నిలవదు. అందుకే మనిషికి ఒక చిన్న స్టీలు గిన్నె, ఒక స్టీలు గ్లాసు. బఫే పెట్టుకునేవాళ్ళకి నిలబడి తినడానికి గట్టి పళ్ళెం ఉండాలి కదా, దానికి సాదా పళ్ళెంలో గుండ్రంగా కత్తిరించిన ఆకు వేశాం. మన టిఫిన్ హోటళ్ళలో ఇడ్లీ ప్లేటు మీద అరిటాకు ముక్క వేసిస్తారే, అదే పద్ధతి. తిన్నాక ఆకు ఎత్తేస్తే పళ్ళానికి జిడ్డు దాదాపు అంటదు. కుర్చీల్లో కూర్చోబెట్టి బంతులు వేసే భోజనమైతే పళ్ళెమే అక్కర్లేదు.

చివరికి కొన్నవి ఇవి: 400 గ్లాసులు, 400 గిన్నెలు, 150 సాదా పళ్ళాలు, 20 మూతి ఉన్న జగ్గులు, ఇనప ఊచల బుట్టలు, మూడు పెద్ద తొట్టెలు, వేడినీళ్ళకి ఒక గంగాళం. శ్రీకాకుళం టౌనులో రెండు మూడు కొట్లు తిరిగి బేరమాడితే 46,000 రూపాయల దాకా అయింది. పొదుపు సంఘాల డబ్బులోంచి కొంత, గ్రామ సంఘం నుంచి అప్పుగా కొంత తీసుకున్నారు. ఒక నాయకుడు మొత్తం నేనే ఇస్తానన్నాడు, గ్లాసుల మీద తన పేరు కొట్టించాలన్నది షరతు. ఆడవాళ్ళు ఒప్పుకోలేదు. తర్వాత ఆయన ఓడిపోతే ఆ గ్లాసుల్లో ఎవరు తాగుతారని వాళ్ళ అనుమానం, నాకూ అది సబబుగానే అనిపించింది.

బుట్టల గురించి రెండు మాటలు. అద్దె సామానులో తగువులన్నీ లెక్క దగ్గరే వస్తాయి. 400 గ్లాసులు ఇచ్చేటప్పుడోసారి, పుచ్చుకునేటప్పుడోసారి లెక్కపెట్టాలంటే ఎవరికీ ఓపిక ఉండదు, పైగా అర్ధరాత్రి. అందుకని 25 గళ్ళ బుట్టలు చేయించాం, గడికో గ్లాసు బోర్లించాలి. గ్లాసు తగ్గితే గడి ఖాళీగా కనబడుతుంది. వెల్డింగు షాపు కుర్రాడు గళ్ళు మరీ బిగువుగా చేశాడని మళ్ళీ వంపించాల్సి వచ్చింది. మొదటి రెండు మూడు భోజనాల్లో గిన్నెలు ఎక్కువ పోయాయి. దొంగతనం అనుకున్నారు. వెతికితే మెతుకులు పారబోసే డ్రమ్ములో అడుగున దొరికాయి, విస్తరితో పాటు గిన్నె కూడా విసిరేస్తున్నారు. అప్పటి నుంచి డ్రమ్ము దగ్గర ఒక మనిషిని నిలబెడుతున్నారు. ఆ డ్రమ్ములో మెతుకులు ఇప్పుడు గేదెల కుడితిలోకి వెళ్తున్నాయి. ప్లాస్టిక్ కలవదు కాబట్టి పశువులున్నవాళ్ళు పోటీపడి పట్టుకెళ్తారు.

తోమే పని, కూలి

ముగ్గురు ఆడవాళ్ళు ముందుకొచ్చారు, తర్వాత ఇంకొకావిడ కలిసింది. వాళ్ళు పెట్టిన షరతులు నేను ఊహించినవి కావు. కూలి సంగతి రెండోది. మొదటిది: కింద కూర్చుని తోమం. తొట్టెలు బల్ల ఎత్తున పెట్టాలి, నిలబడి కడుగుతాం, చేతులకి రబ్బరు తొడుగులు కావాలి, నెత్తి మీద షామియానా ఉండాలి. పెరట్లో మూలన, పెంటకుప్ప పక్కన కూర్చోబెడితే రాం అన్నారు. సిమెంటు ఇటికెల మీద పలకలు వేసి నడుమెత్తు బల్ల కట్టాం. మొదటిసారి అలా నిలబడి కడుగుతుంటే అధ్యక్షురాలు వచ్చి చూసి, "ఆస్పత్రి క్యాంటీన్లో కడిగినట్టుందే" అంది. మెచ్చుకోలే.

మూడు తొట్టెల వరస ఇది. మొదటిది అంట్ల పొడి నీళ్ళు, రెండోది మంచినీళ్ళు, మూడోది గంగాళంలోంచి తీసిన మరిగే నీళ్ళు. వంట పొయ్యి ఎలాగూ మండుతూనే ఉంటుంది కాబట్టి వేడినీళ్ళకి వేరే కట్టెలు అక్కర్లేదు. ముందు గ్లాసులన్నీ అయిపోవాలి, తర్వాతే గిన్నెలు. గ్లాసుకి జిడ్డుండదు, గిన్నెకి ఉంటుంది. రెండూ కలిపేస్తే పది నిమిషాల్లో తొట్టి మొత్తం నూనె తేలుతుంది, నీళ్ళు పారబోసి మళ్ళీ నింపుకోవాలి. వరస పాటిస్తే 300 మంది భోజనానికి 200 లీటర్ల డ్రమ్ములు మూడు సరిపోతున్నాయి. కడిగిన నీళ్ళు కొబ్బరి మొదళ్ళకి పోయేలా చిన్న కాలవ తీశారు.

కూలి పూటకి 400 రూపాయలు. ఉపాధి హామీలో మన రాష్ట్రానికి 2025-26 కూలి రోజుకి 307. దానికంటే తక్కువైతే ఎవరూ రారు, రాకూడదు కూడా. తొట్టెలు మొయ్యడానికి ఇద్దరు మగవాళ్ళు వస్తారు, వాళ్ళ డబ్బు సప్లయర్స్ మోత కూలీలోంచి పోతుంది. గ్లాసు కడగమంటే మాత్రం సిగ్గట. ఆ సిగ్గు పోగొట్టే బాధ్యత నేను పెట్టుకోలేదు.

ఇక లెక్క. 300 మంది భోజనానికి స్టీలు దారిలో గ్లాసు, గిన్నె కలిపి మనిషికి 2 రూపాయల చొప్పున అద్దె 600. తోమే నలుగురికి 1,600. అడ్డాకు విస్తళ్ళు 2.50 చొప్పున 750. ఇరవై లీటర్ల నీళ్ళ క్యాన్లు 12, ఒక్కోటి 20 రూపాయలు, 240. మొత్తం 3,190. పారేసే దారిలో పేపరు విస్తళ్ళు 600, కప్పులు 450, నీళ్ళ ప్యాకెట్లు 840, బల్ల రోలు 250, వెరసి 2,140. అంటే స్టీలు వెయ్యి రూపాయలు ఎక్కువ. ప్యాకెట్ల బదులు చిన్న సీసాలు పెట్టే ఇళ్ళుంటాయి, వాళ్ళకి నీళ్ళకే 2,400 అవుతుంది, మొత్తం 3,700 అవుతుంది, వాళ్ళకైతే స్టీలే చవక. ఈ రేట్లు ఈ ఊరివి, మీ దగ్గర మారతాయి. చెప్పొచ్చేదేమిటంటే, స్టీలు చవక అని ఊళ్ళో ప్రచారం చెయ్యకండి. ఆడవాళ్ళు లెక్క వేస్తారు, తప్పని తేలితే తర్వాత మీరు చెప్పే నిజం కూడా నమ్మరు.

ఆ వెయ్యి రూపాయల తేడా పంచాయతీ దగ్గర తీరింది. 2016 నాటి ఘన వ్యర్థాల నిబంధనల్లో ఒక మాట ఉండేది: వంద మందికి పైగా జనం పోగయ్యే కార్యక్రమం పెడితే మూడు పని దినాల ముందు స్థానిక సంస్థకి తెలపాలి, చెత్త వేరుచేసి అప్పగించే పూచీ నిర్వాహకులదే. దాన్ని ఎవరూ అమలు చేసేవారు కాదు. ఈ ఊళ్ళో పంచాయతీ కార్యదర్శి దాన్ని తీర్మానంలోకి తెచ్చారు. భోజనం పెట్టేవాళ్ళు ముందుగా చెప్పాలి, పారేసే సామాను వాడితే చెత్త ఎత్తే రుసుము 1,000 కట్టాలి, స్టీలు వాడితే అక్కర్లేదు. నిజానికి ఆ డబ్బు ఇదివరకు కూడా ఖర్చవుతూనే ఉంది, గ్రీన్ అంబాసిడర్ నడుము రూపంలో. ఇప్పుడు రసీదు మీదకి వచ్చింది. మూడు రోజుల ముందు చెప్పడానికి పంచాయతీకి వెళ్ళినప్పుడే సామాను పుస్తకంలో పేరు రాయించుకోవడం అలవాటైపోయింది.

ఎదురుతిరిగింది క్యాటరింగ్ వాళ్ళు. ప్లేటుకింత అని మాట్లాడుకునేటప్పుడు విస్తరి, కప్పు, నీళ్ళు అందులోనే కలిపేస్తారు, అవి వద్దంటే రేటు తగ్గించరు. పైగా స్టీలైతే నీళ్ళు పోసే కుర్రాడు వరసల మధ్య తిరుగుతూనే ఉండాలి, బంతి లేచేసరికి ఆలస్యం. బేరంలోనే విస్తరి, గ్లాసు, నీళ్ళు మావి అని విడిగా రాయించుకోమని చెప్పాం. వంట మేస్త్రీలు ఒప్పుకున్నారు. బయటి నుంచి వచ్చే పెద్ద క్యాటరింగ్ వాళ్ళతో ఇప్పటికీ గొడవే.

నీళ్ళ దగ్గర ఆగింది

గ్లాసులు వచ్చినా నీళ్ళ ప్యాకెట్టు వెంటనే పోలేదు. ఇది రుచికో సౌకర్యానికో సంబంధించింది అనుకుంటే పొరపాటు. మన జిల్లాలో నీళ్ళంటే భయం ఉంది. జిల్లా తీరం వైపున్న ఉద్దానంలో మూత్రపిండాల జబ్బు చూసిన కళ్ళు అవి. పలాసలో 2023 డిసెంబరులో కిడ్నీ ఆసుపత్రి, పరిశోధన కేంద్రం వచ్చాయి, హిరమండలం రిజర్వాయరు నుంచి ఉద్దానానికి తాగునీళ్ళు తేవడానికి పెద్ద పథకమే వేశారు. ఈ ఊరు ఉద్దానం కాదు గానీ ప్రతి ఇంటికీ అక్కడ చుట్టాలున్నారు. ప్యాకెట్టుకి సీలుంటే నమ్మకం, జగ్గులో నీళ్ళు ఎక్కడివో ఎవరికి తెలుసు, గ్లాసు ఎవడి ఎంగిలో, అన్నారు. దానికి పర్యావరణం గురించి ఉపన్యాసం జవాబు కాదు.

జవాబు చెప్పింది చోటు మార్పు. తోమే బల్లని పెరట్లోంచి తెచ్చి భోజనాల షామియానాకి ఎదురుగా, అందరికీ కనపడేలా పెట్టాం. గంగాళంలోంచి పొగలొస్తుంటే గ్లాసుల బుట్ట ముంచి తియ్యడం చూస్తూనే వచ్చి కూర్చుంటారు. నీళ్ళ క్యాన్ల సీలు అక్కడే, జనం ముందే తెంపుతారు. గ్లాసులు బోర్లించి వస్తాయి, కూర్చున్నాక తిప్పి పోస్తారు. తోమేవాళ్ళు పెట్టిన షరతూ, తాగేవాళ్ళ అనుమానమూ రెండూ ఒకే ఏర్పాటుతో తీరడం ఈ కేసులో నాకు బాగా నచ్చిన భాగం.

ఇన్ని చేసినా రెండు చోట్ల ప్యాకెట్టే గెలుస్తోంది. వైశాఖం పెళ్ళిళ్ళలో బోరు నీళ్ళు అడుగంటుతాయి, కడగడానికి ట్యాంకరు తెప్పించాలి, దాని ఖర్చు చూసి వెనక్కి తగ్గేవాళ్ళున్నారు. రెండోది, తిరుగు ప్రయాణంలో దారికని జేబులో ఒకటి వేసుకునే అలవాటు.

కుదిరినవి, కుదరనివి

పన్నెండో రోజు భోజనాలు అందరికంటే ముందు స్టీలుకి మారాయి. అక్కడ దర్పం చూపించాల్సిన పని లేదు, వచ్చేది ఊరివాళ్ళే, చెప్తే వింటారు. తర్వాత అమ్మోరి పండగ, గృహప్రవేశాలు. పెళ్ళిళ్ళు చిట్టచివర. వధూవరుల ఫోటో అచ్చు వేయించిన నీళ్ళ సీసాలు ఇప్పుడు ఫ్యాషను, వాటిని స్టీలు గ్లాసు ఓడించలేదు. ఐస్‌క్రీంకి చెక్క స్పూను వచ్చింది, కప్పు మాత్రం అలాగే ఉంది. తాంబూలాలకి ఇచ్చే సంచులు గుడ్డవే అనుకుంటారు గానీ ఆ నాన్-వోవెన్ సంచి పాలీప్రొపిలీన్, నిప్పు తగిలిస్తే బొట్లు బొట్లుగా కరుగుతుంది. సంఘంలో కుట్టుమిషను ఉన్న ఇద్దరు పాత చీరలతో కుట్టడం మొదలుపెట్టారు, అడిగినవాళ్ళకే.

భోజనాల మర్నాడు గ్రీన్ అంబాసిడర్ ఎత్తే చెత్త ఇప్పుడు ఒక గోతానికి మించడం లేదు, స్టీలు పెట్టిన ఇళ్ళ దగ్గర. విస్తళ్ళు షెడ్డులో ఎరువు గుంతలోకి వెళ్తాయి. ఆయన్ని అడిగితే పెద్దగా ఏమీ చెప్పలేదు, "ఆదోరం నిద్ర పడతంది" అన్నాడు.

నేను లెక్కలో వేసుకోనిది ఒకటి జరిగింది. తోమే జట్టులో ఒకావిడ ఆదివారం చికెన్ కొట్టుకి మూత గిన్నె పట్టుకెళ్ళడం మొదలుపెట్టింది. గిన్నె బరువు కూడా తూకంలో కలిపేస్తాడని మొదట్లో మిగతావాళ్ళు నవ్వారు. కాటా మీద ఖాళీ గిన్నె పెట్టి సున్నా మీట నొక్కితే దాని బరువు పోతుందని కొట్టువాడే చూపించాడు. కవరు ఖర్చు మిగులుతుంది కాబట్టి వాడికీ అభ్యంతరం లేదు. ఇప్పుడు ఆ వీధిలో కొన్ని ఇళ్ళవాళ్ళు గిన్నెలతోనే వెళ్తున్నారు. చేపల తట్ట దగ్గర ఎలాగూ గిన్నె అలవాటు ఎప్పుడూ ఉన్నదే. కిరాణా కవర్ల దగ్గర కదలిక లేదు, అప్పు మీద సరుకు తెచ్చుకునే మనిషి కొట్టువాడితో కవరు వద్దని వాదన పెట్టుకోడు.

పక్క ఊళ్ళవాళ్ళు సామాను అద్దెకి అడుగుతున్నారు. ఇవ్వాలా వద్దా అని గ్రామ సంఘంలో రెండు మీటింగులు నడిచాయి. కొందరు ఆదాయం వస్తుంది కదా అన్నారు. తోమే జట్టు ఒప్పుకోలేదు, సామాను ఒక్కటే పోతే అక్కడ ఎవరో ఒక ముసలావిడని కింద కూర్చోబెట్టి తోమిస్తారని వాళ్ళ మాట. చివరికి తీర్మానం రాశారు. సామాను ఊరు దాటాలంటే బల్లలు, తొట్టెలు, తోమే నలుగురూ దాంతోనే వెళ్ళాలి, కూలి మనిషికి 500, ఆటో చార్జీ వేరు, డిపాజిట్టు రెండింతలు. ఆ షరతు మీద మాఘంలో ఒక పెళ్ళికి వెళ్ళింది. మూడు గ్లాసులు తగ్గాయి, డిపాజిట్లో కోసుకున్నారు.